సంకీర్తనకు పుట్టినిల్లు తాళ్లపాక: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కడప–తిరుపతి రోడ్డు మీద వెళ్లేవాళ్లు 108 అడుగుల అన్నమయ్య విగ్రహం దగ్గర బండి ఆపి, ఫొటో దిగి వెళ్లిపోతున్నారు. ఆయన పుట్టిన ఊరు అక్కడికి దగ్గర్లోనే ఉందని చాలామందికి తెలియదు. ఊళ్లోకి తిరిగే మలుపులో ‘సంకీర్తనకు పుట్టినిల్లు తాళ్లపాక’ అని పెద్ద బోర్డు పెట్టాలని ఈ ఏడాది మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మొదటిది కనిపించడం లేదన్నారు. రెండోది వేరే సెక్షన్‌కు వెళ్లిందన్నారు. మూడోదానికి రసీదు తీసుకున్నాం.

‘పుట్టినిల్లు’ అన్న మాట మీద కమిటీలో గట్టి చర్చే జరిగింది. అన్నమయ్యకు ముందే సింహాచలంలో కృష్ణమాచార్యులు వచనాలు పాడారు కదా అని ఒక పెద్దాయన అడిగారు. నిజమే, కాదనలేం. కానీ పల్లవి, చరణాలతో పాటలను వేల సంఖ్యలో కట్టింది, వాటిని ఎలా కట్టాలో చెప్పే లక్షణం కూడా రాసిపెట్టింది ఈ తాళ్లపాక ఇంటివారే. అన్నమయ్య సంస్కృతంలో రాసిన ‘సంకీర్తన లక్షణం’ మనకు దక్కలేదు. మనవడు చిన తిరుమలాచార్యులు తెలుగు చేసింది మాత్రం మిగిలింది. అందుకే మాట మార్చకుండా అర్జీలో అలాగే ఉంచాం.

మే 23న, వైశాఖ పౌర్ణమినాడు అన్నమయ్య జయంతి జరుపుకున్నాం. ఎండ వల్ల నగర సంకీర్తన తెల్లవారుజామునే ముగించాం.

ఈ ఏడాది మాకు బాగా తృప్తినిచ్చింది పాటల రికార్డింగు. అన్నమయ్య పాటలు చెక్కి ఉన్న రాగిరేకులు తిరుమలలో దొరికాయి. వాటి మీద పాటకు రాగం పేరు ఉంది, ఎలా పాడాలో చెప్పే స్వరం లేదు. ఇవాళ మనం వినే బాణీలు చాలావరకు సంగీత విద్వాంసులు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారి కాలం నుంచి పెద్దలు కట్టినవి. మరి అన్నమయ్య తన సంకీర్తనలకు వరసలు తీసుకున్న సువ్వి పాటలు, లాలి పాటలు, గొబ్బి పాటలు మన చుట్టుపక్కల ఇళ్లలో ఎలా పాడుతున్నారో విని దాచుకోవాలనుకున్నాం. అన్నమయ్య నాటి బాణీలే ఇవి అని మేం చెప్పుకోవడం లేదు.

ఒక అవ్వ మొదట “నాకేం పాటలొచ్చు నాయనా” అంది. చేట ముందుకు లాక్కుని బియ్యం చెరగడం మొదలుపెట్టాక పాట దానంతటదే వచ్చింది. రెండో చరణం దగ్గర మాట తట్టక ఆగిపోతే, గడపలో హోంవర్క్ చేసుకుంటున్న మనవరాలు తల ఎత్తకుండానే అందుకుంది. ఎవరు నేర్పారని అడిగితే, “రోజూ వింటా కదా” అంది. రికార్డింగులో చేట చప్పుడు గట్టిగా వినిపిస్తోంది, తీసేద్దామా అని కొందరన్నారు. ఉంచేశాం.

మార్చి 9న గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు తిరుపతిలో కన్నుమూశారు. వందల సంకీర్తనలకు బాణీలు కట్టిన మనిషి. ఆయన లేకపోతే అన్నమయ్య మన ఇళ్లలో ఇంతగా వినిపించేవారు కాదని మా గట్టి నమ్మకం. ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు అన్నమయ్య వర్ధంతి సభలో గరిమెళ్ల గారు కట్టిన బాణీలే పాడుకున్నాం.

కువైట్‌లో ఉన్న మన సభ్యులు రికార్డింగుకు మైకు కొనిచ్చారు, వారికి కృతజ్ఞతలు. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం. బోర్డు కోసం నాలుగో అర్జీ సిద్ధంగా ఉంది. సభకు వచ్చినప్పుడు తప్పకుండా సంతకం పెట్టండి.

— కార్యదర్శి