రాకింగ్‌హామ్ అడవిలో మూడు గంటల నడక అన్నారు, ముప్పావు గంటకే బస్సెక్కించారు

టూర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మే 17, శనివారం డబ్లిన్ నుంచి మీరు నడిపిన ఒకరోజు ట్రిప్పులో మా అమ్మా, నేనూ వచ్చాం. మనిషికి 65 యూరోలు కట్టాం. ‘రాస్‌కామన్ కౌంటీలోని లాఖ్ కీ ఫారెస్ట్ పార్కు, పాత రాకింగ్‌హామ్ ఎస్టేట్ అడవి దారుల్లో మూడు గంటల నడక, తెలుగు గైడుతో’ అని మీ ప్రకటనలో ఉంది. మాకు దక్కింది ముప్పావు గంట. అందులో ఇరవై నిమిషాలు బాత్రూమ్ క్యూలోనే పోయాయి.

ఆలస్యం ట్రాఫిక్ వల్ల అయితే నేను ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు. ప్రోగ్రామ్‌లో లేని షాపింగ్ సెంటర్ దగ్గర మీవాళ్లు బస్సు గంటన్నర ఆపారు. దిగమని మేమెవరం అడగలేదు. తీరా పార్కుకి చేరాక గైడు అన్న మాట ఇది: ‘రాకింగ్‌హామ్ బంగళా 1957లోనే కాలిపోయిందండీ. ఇక ఉన్నవి చెట్లే కదా, తొందరగా ఫోటోలు దిగి వచ్చేయండి.’ కుర్రవాడు, ఆయన మీద నాకు కోపం లేదు. ఆ చోటు గురించి నాలుగు ముక్కలు చెప్పకుండా ఆయన్ని పంపింది మీరు.

బంగళా లేదని మాకు తెలుసు. తెలిసే వచ్చాం. లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి రూపం మార్చిన జాన్ నాష్ గీసిన నమూనాతో కట్టిన ఇల్లది. కాలిపోయాక మిగిలిన గోడల్ని కూడా తర్వాత పడగొట్టేశారు. ఆ జాగాలో ఇప్పుడు మోయ్‌లర్గ్ టవర్ ఉంది. కానీ ఇంటి కింద తవ్విన సొరంగాలు అలాగే ఉన్నాయి. పనివాళ్లు దొరల కంట పడకూడదని కట్టించినవి అవి. పొయ్యిలోకి కావలసిన ఎండు పీట్ గడ్డలు (బురదనేలల్లో తవ్వి, ఎండబెట్టి మండించే మట్టి), సరుకులు లాఖ్ కీ చెరువు వైపు నుంచి వాటిలోంచే ఇంటికి చేరేవి. అమ్మ ఒక సొరంగంలోకి నాలుగడుగులు వేసి గోడకి చెయ్యి ఆనించింది. రాయి చల్లగా, చెమ్మగా ఉంది. అరచేతికి నాచు అంటుకుంది. ‘నెత్తిన బరువులతో ఎంతమంది నడిచారో తల్లీ ఇందులో’ అంటూ ఉండగానే బయట మీ గైడు విజిల్ వేశారు.

మాకు ఈ ట్రిప్పు ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. మాది మదనపల్లె. అమ్మ అక్కడ ముప్పై ఏళ్లు టీచరుగా చేసింది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మా ఊరి బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు, జనగణమనకి స్వరం రాసి పెట్టిన మార్గరెట్ కజిన్స్ గారు పుట్టింది ఈ అడవి పక్కనున్న బాయిల్ ఊళ్లోనే, 1878లో. అప్పట్లో ఈ చెట్లూ చెరువూ కింగ్-హార్మన్ కుటుంబానివి. ఏటా ఆగస్టు పదిహేనుకి ఆవిడ పేరు పిల్లలకి చెప్పిన మా అమ్మ, ఆవిడ పుట్టిన చోట ఒక పూట నిదానంగా నడవాలనుకుంది. మోకాళ్ల నొప్పులున్నా ఈ మూడు గంటల కోసమే రెండు నెలలుగా రోజూ సాయంత్రం నడక అలవాటు చేసుకుంది.

చెట్ల కొమ్మల మధ్య నుంచి సాగే 300 మీటర్ల వంతెన నడక టికెట్టు కూడా మా డబ్బులోనే కలిపామన్నారు. ఆ వంతెన మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. చెరువులో ద్వీపం మీద ఉన్న మెక్‌డెర్మట్ల కోటని బస్సు కిటికీలోంచైనా చూద్దామంటే చెట్లు అడ్డొచ్చాయి. ఇందులో పార్కు వాళ్ల తప్పు ఏమీ లేదు. గేటు దగ్గరున్నావిడ అమ్మ చేతిలో మ్యాప్ పెట్టి, ఏ దారిలో ఎత్తుపల్లాలు తక్కువో పెన్నుతో గీసి మరీ చూపించింది. ఆ మ్యాప్ మడత విప్పకుండానే తిరిగొచ్చాం.

సోమవారం మీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, తర్వాతి ట్రిప్పుకి పది శాతం తగ్గిస్తామన్నారు. మాకు తగ్గింపు వద్దు. కట్టిన 130 యూరోలు వెనక్కి ఇవ్వండి, లేదా షాపింగ్ ఆపుడు లేకుండా, పూర్తి మూడు గంటలు ఉండేలా ఇంకోసారి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లండి. రెండోదే అయితే అమ్మకి ఎక్కువ సంతోషం. ఏది చేసినా, మూడు గంటలు ఇవ్వలేనప్పుడు ఆ మాట మీ ప్రకటనలోంచి తీసేయండి.

అమ్మ జూన్ 8న ఇండియా వెళ్లిపోతోంది. ఆలోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. బుకింగ్ రసీదు, మీ ప్రకటన కాపీ దీనితో జత చేశాను.

ఇట్లు,
మే 17 ట్రిప్పులో 11, 12 సీట్ల ప్రయాణికులు