కౌన్సెలర్‌ని వేయండి, సర్టిఫికెట్లు కూడా ఇప్పించండి

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతాను. వంద మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖలో కోచింగ్‌కు వెళ్లిన ఒక అమ్మాయి మరణించిన కేసులో వచ్చిన తీర్పు అది.

ఇది మన దగ్గర ఎలా అమలవుతుందోనని నా భయం. ఉన్న లెక్చరర్లలోనే ఒకరికి అదనపు బాధ్యత అప్పగించి, తలుపుకో బోర్డు తగిలిస్తే కాగితం మీద పని అయిపోతుంది. కానీ ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి దగ్గరికొచ్చి 'రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు సార్' అని ఏ పిల్ల చెప్పుకుంటుంది? ఆ పని చేసే మనిషికి మార్కులతో, అటెండెన్స్‌తో సంబంధం ఉండకూడదు. క్లాసులయ్యాక సాయంత్రం పూట హాస్టల్ దగ్గర దొరకాలి. ఉట్నూరు వైపు నుంచి వచ్చే గోండు పిల్లలతో వాళ్ల భాషలో మాట్లాడగలిగితే ఇంకా మంచిది.

అసలు సంగతి ఇంకొకటుంది. మా పిల్లల టెన్షన్‌లో సగం డబ్బుది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి వచ్చి ఫీజు రీయింబర్స్‌మెంట్ మీదే చదివినవాళ్లు చాలామంది. డిగ్రీ పాసై, పీజీ సీటొచ్చినా టీసీ, మెమోలు చేతికి రావు. 'ఆర్‌టీఎఫ్ (రీయింబర్స్‌మెంట్ డబ్బు) పడలేదు, నువ్వు కట్టి తీసుకుపో' అంటారు ఆఫీసులో. పత్తి మీద వచ్చిన పైసలు పాత అప్పుకే పోయిన ఇంట్లో మళ్లీ మిత్తికి తెమ్మని ఎలా అడగాలో తెలియక, ఆ పిల్లాడు ఇంటికి ఫోన్ చేయడమే మానేస్తాడు. అట్లాంటివాణ్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎంత గొప్ప కౌన్సెలరైనా ఏం చెప్తారు, గట్టిగా ఊపిరి పీల్చుకోమనా?

కాలేజీలనే తిట్టి లాభం లేదు. బకాయిలు ఇవ్వమని 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలే బంద్ చేశాయి. మీకూ వాళ్లకూ మధ్య లెక్క మీరూ మీరూ తేల్చుకోండి, పిల్లల కాగితాలు మాత్రం ఆపనివ్వకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది.

మానసిక ఆరోగ్య సహాయానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు 14416 ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. 2022 నుంచి ఉన్నా మా క్లాసుల్లో చాలామందికి తెలియదు. హాల్‌టికెట్ మీద, మెస్ గోడ మీద ఆ నంబరు వేయించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి సైకియాట్రీ డాక్టర్లను వారానికో సాయంత్రం హాస్టళ్లకు పంపించినా చాలామంది పిల్లలు ముందుకొస్తారు.

రీయింబర్స్‌మెంట్ బకాయి పేరుతో ఏ విద్యార్థి సర్టిఫికెట్టూ ఆపకూడదని, ఆపితే ఎవరికి ఫిర్యాదు చేయాలో, ఎన్ని రోజుల్లో ఇప్పిస్తారో రాసి ఒక ఉత్తర్వు ఇవ్వండి. సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) అడ్మిషన్లు మొదలయ్యేలోపు ఇవ్వండి. ఆ తర్వాత ఇస్తే ఈ బ్యాచ్‌కు ఉపయోగం ఉండదు.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక డిగ్రీ లెక్చరర్