ఇంటి మరమ్మతులకు గడువు చెప్పేటప్పుడు

సంపాదకులకు నమస్కారం.

కొత్త ఇల్లు కట్టుకునేవారి కోసం ప్లాన్లు, వాస్తు, బ్యాంకు రుణాల వంటి విషయాలు పత్రికల్లో తరచుగా వస్తుంటాయి గానీ, ముప్పయ్యేళ్ల నాటి ఇంటిని బాగుచేయించుకునేవారికి మొట్టమొదట ఎదురయ్యే ‘పని ఎన్నాళ్లలో అవుతుంది?’ అన్న ప్రశ్న గురించి ఎవరూ పెద్దగా రాయరు. ఆ ప్రశ్నకు మన ఊళ్లలో వచ్చే జవాబు ఎప్పుడూ ఒక్క అంకే: నెల, నలభై రోజులు, మహా అయితే రెండు నెలలు. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో అడిగేవారూ లేరు, విడమరిచి చెప్పేవారూ లేరు.

మా ఇంట్లో వంటగది, రెండు స్నానాలగదులు తిరగకట్టించి, వెనుక వరండాకు కొత్త శ్లాబు వేయించడానికి వైశాఖంలో పని మొదలుపెట్టాం. శ్రావణంలో మనవరాలి ఓణీల వేడుక ఉన్నదని ముందే చెబితే, 45 రోజుల్లో తాళాలు చేతికిస్తానని కాంట్రాక్టరు మాట ఇచ్చాడు. వేడుక మా తమ్ముడి ఇంట్లో జరిగింది. మా ఇంటి పని భాద్రపదంలో, వినాయక చవితి దాటాక, 130వ రోజున ముగిసింది.

బడిలో హాజరుపట్టీ రాసిన అలవాటు కొద్దీ ఏ రోజు ఎవరు వచ్చిందీ డైరీలో రాసుకున్నాను. పనివాళ్లు నిజంగా వచ్చినవి 58 రోజులు. తడపడానికి, ఆరడానికి వదిలినవి 24. మేస్త్రీ మరో ఇంటి పనిలో ఉండి మా గడప తొక్కనివి 29. మిగిలిన 19 రోజుల తప్పు మాదే: ఎంచుకున్న టైల్స్ చివరి నిమిషంలో నచ్చక మార్చాం, కొత్తవి గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలో వచ్చేదాకా పని ఆగింది. ఎవరి తప్పునూ లెక్కలోకి తీసుకోకపోయినా పనిరోజులు, ఆరే రోజులు కలిపితేనే 82 అవుతున్నాయి. అంటే 45 అన్న మాట మొదటిరోజే సాధ్యం కానిదన్నమాట. ఆ సంగతి తాపీపట్టిన మనిషికి తెలియదంటే నేను నమ్మలేను. నిజం చెబితే పని పక్కవాడికి పోతుందన్న భయమే ఆయనచేత అలా చెప్పించింది.

తొందరపెట్టి తగ్గించుకోగల రోజులు కొన్ని, తగ్గించకూడనివి కొన్ని. కాంక్రీటు పనికి ప్రామాణికమైన భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 ప్రకారం మామూలు సిమెంటుతో వేసిన కాంక్రీటును కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) కలిపిన పీపీసీ రకం సిమెంటైతే కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. పొడిగా, వేడిగా ఉండే వాతావరణంలో ఈ గడువులు ఇంకా పెరుగుతాయి. శ్లాబు కింద నిలబెట్టిన ఊతకర్రలను సైతం, శ్లాబును మోసే గోడల మధ్య దూరం 4.5 మీటర్లలోపైతే 7 రోజులు, అది దాటితే 14 రోజులు కదపకూడదు. స్నానాలగదిలో వాటర్‌ప్రూఫింగ్ చేశాక ఒకటి రెండు రోజులు నీళ్లు కట్టి, కింద చెమ్మ దిగడం లేదని చూసుకున్న తరువాతే టైల్స్ వేయాలి. ప్లాస్టరింగ్ ఆరకముందే లప్పం పెట్టించుకున్న మా వీధిలోని ఒక ఇంటి గోడలు ఏడాది తిరగకుండానే పొలుసులు లేచాయి. పండగకు రంగులు పడాలన్న పంతంతో ఆ ఇంటివారే పని తొందరపెట్టారు.

ఆలస్యం గొలుసుకట్టుగా సాగుతుందన్నది నాకు ఈ ఇంటితోనే అర్థమైంది. గోడల్లో పైపులు, వైర్లు పడితేగాని ప్లాస్టరింగ్ జరగదు. టైల్స్, గ్రానైటు గట్టు పూర్తయితేగాని అలమరాలు చేసేవారు కొలతలు తీసుకోరు. ప్లంబరు ఒక్కరోజు రాకపోతే ఖాళీగా కూర్చోలేని తాపీమేస్త్రీ మరో పని ఒప్పుకుంటాడు, అక్కడినుంచి తిరిగి రావడానికి వారం పడుతుంది. ఒక్కరోజు ఎనిమిది రోజులయ్యేది ఇలాగే.

చట్టం సాయం కొంత ఉంది. అమ్మకంతో సంబంధంలేని సొంత ఇంటి మరమ్మతులు రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నమోదు పరిధిలోకి రావు గానీ, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 గృహనిర్మాణాన్ని సేవగానే పరిగణిస్తుంది; వివాదం తలెత్తిన రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయవచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగవచ్చు. అయితే గడువు నోటిమాటగానే ఉండిపోతే దాన్ని రుజువు చేసుకోవడం కష్టం. కాబట్టి ఒప్పందంలో పనిరోజులు, ఆరే రోజులు, సామాను ఎంపికకు ఇంటివారికి ఇచ్చే ఆఖరి తేదీ వేర్వేరుగా రాసుకుని, డబ్బును పూర్తయిన దశల వారీగా చెల్లించడం ఉభయులకూ క్షేమం. అటువంటి నమూనా ఒప్పందపత్రాన్ని సులభమైన తెలుగులో మీ ఇళ్ల పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

మాఘంలో పై అంతస్తు పని తలపెట్టాం. పనితనంలో వంక పెట్టలేము గనుక అదే కాంట్రాక్టరుకు కబురుచేసి నా డైరీ చేతికిచ్చాను. రెండు రోజులు ఉంచుకుని, ఈసారి 90 రోజులని కాగితంమీద రాసిచ్చాడు. కూలీలు దొరకని పెళ్లి ముహూర్తాల వారాన్ని కూడా అందులో కలిపాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం