క్యాజువాలిటీ డ్యూటీకి వెళ్లే ముందు

అమ్మలూ,

వచ్చే వారం నుంచి క్యాజువాలిటీ డ్యూటీ అన్నావుగా. పై ప్రాణం పైనే పోయినట్టుండే ఘడియలు అక్కడ కొన్ని ఉంటాయి. ఏం జరగబోతోందో ముందే తెలిస్తే చేతులు ఆడతాయని ఇది రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది గుండె దడను దారికి తెచ్చే ఇంజెక్షన్, అడెనోసిన్. గుండె నిమిషానికి 180 సార్లు కొట్టుకుంటూ, ఈసీజీలో క్యూఆర్‌ఎస్ (ప్రతి కొట్టుకుకీ నిటారుగా లేచే గీత) సన్నగా, లయ తప్పకుండా ఉండి, బీపీ నిలకడగా ఉంటే మందు జోలికి వెంటనే పోకు. పేషెంటును వెనక్కి వాలి కూర్చోమని, 10 ఎం.ఎల్. సిరంజిలోకి పిస్టన్ కదిలేలా 15 సెకన్లు ఊదించు. ఆపగానే వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు 45 డిగ్రీలు ఎత్తి ఇంకో 15 సెకన్లు పట్టుకో. 2015లో వచ్చిన రివర్ట్ అనే పరిశోధనలో ఉత్తినే ఊదించినప్పుడు 17 శాతం మందికి, ఇలా కాళ్లెత్తినప్పుడు 43 శాతం మందికి లయ కుదుటపడింది. పైసా ఖర్చు లేని ఈ పని చాలామంది సగంలో వదిలేస్తారు, నువ్వు వదలకు.

అప్పటికీ దిగకపోతే 6 మి.గ్రా. అడెనోసిన్. ఉబ్బసం ఉందేమో ముందే అడుగు. ఇది రక్తంలో 10 సెకన్లయినా నిలవదు, కాబట్టి ముంజేతి సన్న నరంలో మెల్లగా ఇస్తే గుండెను చేరకుండానే కరిగిపోతుంది. మోచేతి మడతలో పెద్ద క్యాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం) పెట్టి, ఒక్క ఊపున తోసి, వెనువెంటనే 20 ఎం.ఎల్. సెలైన్ తోసి, చెయ్యి పైకెత్తు. ఈసీజీ ప్రింటు ఆగకుండా నడుస్తుండాలి, గుండెకు షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ పక్కనే ఉండాలి. కొన్ని సెకన్లపాటు మానిటర్ మీద గీత తిన్నగా సాగిపోతుంది. పేషెంటు గుండె పట్టుకుని "చచ్చిపోతున్నాను" అంటారు. అది వచ్చి పోయేదే. ఆ సంగతి పేషెంటుకూ పక్కనున్నవాళ్లకూ ముందే చెప్పకపోవడం మాత్రం క్రూరత్వం. లయ మారకపోతే ఒకటి రెండు నిమిషాలాగి 12 మి.గ్రా. ఇస్తారు.

ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయి, మాట ముద్దగా వస్తుంటే అందరూ సీటీకి పరుగెత్తుతారు. నువ్వు ముందు గ్లూకోమీటర్ తియ్యి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే ఉంటుంది. వేలు తుడవకుండా గుచ్చకు, తీపి అంటిన వేలు లేని షుగర్ చూపిస్తుంది. 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ ద్రావణం) 100 ఎం.ఎల్. ఎక్కితే చాలాసార్లు నిమిషాల్లో లేచి కూర్చుంటారు. ఇంట్లోవాళ్లు దండం పెట్టి, ఇక తీసుకెళ్తామంటారు. ఒప్పుకోకు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్లలో, అందులోనూ కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో, షుగర్ మళ్లీ పడుతుంది. 24 గంటలు ఉంచి గంటగంటకూ చూడాలి.

పిల్లాడు నాణెం మింగాడని తెస్తే ఎక్స్‌రేలో అంచును పెద్దది చేసి చూడు. అంచు వెంట లోపల ఇంకో వలయం కనిపిస్తే అది బటన్ బ్యాటరీ. అన్నవాహికలో ఇరుక్కుంటే కరెంటు పారి, అక్కడ క్షారం పుట్టి, 2 గంటల్లోనే కండ కాలుతుంది. వాంతి చేయించకు. ఏడాది దాటిన బిడ్డ, మింగి 12 గంటలు దాటకుండా, మింగగలుగుతుంటే 10 నిమిషాలకోసారి 10 ఎం.ఎల్. తేనె పట్టించవచ్చు. ఆ పేరుతో, గొట్టం వేసి బ్యాటరీని బయటికి తీసే ఎండోస్కోపీ మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం కానివ్వకు. ఎండోస్కోపీ వాళ్లకు ఫోన్ చేశాకే కేస్ షీట్ రాయి.

ఆశీస్సులతో,
అమ్మ