బాదం చెట్టు దసరాకే ఎర్రబడింది, కాస్త పాదు వదలండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా ఇంటి దగ్గర రెండు బాదం చెట్లున్నాయండి, ఒకే ఏడు నాటినవి, ఒకటి కాంపౌండ్ లోపల మట్టిలో, ఇంకోటి గేటు బయట ఫుట్‌పాత్ మీద. మా దగ్గర బాదం ఆకు ఎర్రబడి రాలేది మామూలుగా సంక్రాంతి దాటాకే. ఈసారి బయట చెట్టు దసరాకే ఎర్రబడిపోయింది, లోపలిది ఇంకా పచ్చగా నిగనిగలాడుతోంది. వచ్చేపోయేవాళ్ళు ఎంత బావుందో అని ఫొటోలు తీసుకుంటున్నారు, నాకేమో కడుపు తరుక్కుపోతోంది.

పోయినేడు ఫుట్‌పాత్ వేసినవాళ్ళు మాను చుట్టూ అంగుళం కూడా వదలకుండా పేవర్ బ్లాకులు పేర్చి సందుల్లో సిమెంట్ పోశారు, ఇప్పుడు బెరడు ఆ సిమెంట్ మీదకి ఉబ్బుకొచ్చింది. మా అబ్బాయి గునపంతో ఒక బ్లాకు లేపి చూస్తే, అన్ని వానలు పడ్డా కింద మట్టి ఇటుకలాగా గట్టిగా, పొడిగా ఉంది. చెట్టుకి తిండీ నీళ్ళూ తెచ్చే పీచు వేర్లు చాలావరకు పైన అడుగు రెండడుగుల్లోనే ఉంటాయి, వాటికి నీళ్ళే కాదు గాలి కూడా కావాలి, అవి చచ్చిపోతే అన్ని ఆకుల్ని చెట్టు సాకలేదు కదా, అందుకే ఆకులోని పత్రహరితాన్ని కరిగించేసి నత్రజని, భాస్వరం వెనక్కి లాక్కుంటుంది. పచ్చదనం పోయేసరికి అప్పటిదాకా దాని వెనక దాగున్న పసుపు బయటపడుతుంది, ఎరుపు మాత్రం ఆకులో మిగిలిన చక్కెరతో అప్పటికప్పుడు తయారయ్యేది. కేబుల్ కోసం తవ్వి ఒకపక్క వేర్లు నరికితే చాలాసార్లు ఆ పక్క కొమ్మలే ముందు రంగు మారతాయి, మీరూ గమనించండి.

2021లో మన వేపచెట్లు మాడిపోయింది వేరే సంగతి, అది ఫంగస్ తెగులు. దాన్నీ దీన్నీ ఒకటే అనుకుని, ఎలాగూ చచ్చేదే అని దయచేసి చెట్టు కొట్టేయకండి.

ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013 ఏప్రిల్‌లోనే ఆర్డరిచ్చింది. మనకెందుకు వద్దు? మేం ఆదివారం నాలుగు బ్లాకులు తీసి పాదు చేసి రెండు బిందెల నీళ్ళు పోస్తే, మర్నాడే కాంట్రాక్టర్ మనుషులొచ్చి మళ్ళీ మూసేసి పోయారు. వాళ్ళని ఏమనాలి, పాదు వదలమని వాళ్ళ కాగితంలో లేదట. ఆ ఒక్క ముక్క ఫుట్‌పాత్ టెండర్లలో రాయించండి, ఇప్పటికే మూసేసినవి ఎండాకాలం రాకముందే తెరిపించండి అని మీ పేపరు ద్వారా అధికారుల్ని అడుగుతున్నాను.

- ఒక పాఠకురాలు, హైదరాబాద్