వంట నేర్పే కార్యక్రమంలో వ్యాఖ్యాత అడగవలసినది

సంపాదకులకు నమస్కారం.

టెలివిజన్ వంటల కార్యక్రమాల గురించి ప్రేక్షకులు చెప్పుకునే అభిప్రాయాలు కొంతకాలంగా వంటను వదిలి వ్యాఖ్యాతల చుట్టూనే తిరుగుతున్నాయి. 2021లో జెమిని టీవీలో వచ్చిన తెలుగు మాస్టర్‌షెఫ్‌లో తమన్నా స్థానంలోకి అనసూయ వచ్చినప్పుడు, ఇద్దరిలో ఎవరు నయమన్న వాదనే జోరుగా సాగింది తప్ప పోటీదారులు వండినదాని ఊసు పెద్దగా రాలేదు. 2024 సెప్టెంబరులో తమిళ చానల్ విజయ్ టీవీలోని వంటల కార్యక్రమం ‘కుక్కు విత్ కోమాళి’ నుంచి ఒక వ్యాఖ్యాత తప్పుకున్నప్పుడు ఇక్కడ చెన్నైలోనూ అదే తంతు. అయితే అది నవ్వించడానికి చేసిన కార్యక్రమం, దాన్ని చూసి కొలతలు రాసుకునేవారు ఉండరు కాబట్టి దానితో నాకు పేచీ లేదు. నా అభ్యంతరమల్లా వంట నేర్పుతామని చెప్పి మన ముందుకు వచ్చే కార్యక్రమాలతోనే.

వాటిలో వండేవారు చేయి తిరిగినవారు. వారికి కొలత చేతిలోనే ఉంటుంది, నోట రాదు. దాన్ని చూసేవారి తరఫున అడిగి రాబట్టడానికే పక్కన వ్యాఖ్యాత నిలబడి ఉన్నారని నేను అనుకుంటాను. కానీ ‘ఒక స్పూను’ అని వండేవారు అన్నప్పుడు అది టీస్పూనా, టేబుల్‌స్పూనా అని అడిగే వ్యాఖ్యాత అరుదు. మొదటిది 5 మిల్లీలీటర్లు, రెండోది 15. ఉప్పు విషయంలో ఈ తేడా చిన్నది కాదు. రోజుకు 5 గ్రాములు మించవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుండగా, ఒక టేబుల్‌స్పూను ఉప్పు ఒక మనిషికి మూడు రోజులకు పైగా సరిపోతుంది. మసాలా ఏ కంపెనీదో మాత్రం మరవకుండా రెండుసార్లు చెబుతారు, ఎంత వేశారన్నదే మరుగున పడుతుంది. ఇక ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకముందే ‘అద్భుతం’ అనేస్తే ఉప్పు సరిపోయిందో లేదో మాకెలా తెలుస్తుంది?

రాష్ట్రం దాటి ఉన్న మాలాంటివారికి ఈ లోటు మరింత బాధిస్తుంది. హైదరాబాదు స్టూడియోలో ‘రెండు స్పూన్ల కారం’ అంటే వట్టి మిరపపొడి. చెన్నై దుకాణంలో కుళంబు మిళగాయ్ తూళ్ అడిగితే ధనియాలు కలిపిన పొడి ఇస్తారు, దాన్ని అదే కొలతతో వేస్తే కూర రుచే మారిపోతుంది. వట్టి మిరపపొడే కొన్నా, గుంటూరు మిరపకాయలకున్న ఘాటు బ్యాడగి మిరపకాయలకు ఉండదు, వాటిలో రంగే ఎక్కువ. అన్నం సంగతీ అంతే. సోనా మసూరి పచ్చి బియ్యానికి చెప్పిన నీళ్లు ఇక్కడి పొన్ని ఉప్పుడు బియ్యానికి చాలవు, పులిహోరకు వండిన అన్నం పలుకుగా మిగిలిపోతుంది. ‘ఇది ఏ మిరపకాయ, ఏ బియ్యం?’ అని వ్యాఖ్యాత ఒక్క ప్రశ్న వేస్తే అర నిమిషం కూడా పట్టదు.

ఇది సాధ్యం కాని పనేమీ కాదు. 1993లో జీ టీవీలో మొదలైన ‘ఖానా ఖజానా’లో సంజీవ్ కపూర్ తానే వండుతూ తానే చెప్పేవారు కాబట్టి మధ్యలో అడిగేవారి అవసరమే ఉండేది కాదు. తమిళంలో వంట నేర్పే షెఫ్ వెంకటేశ్ భట్, ఏది ఎప్పుడు వేయాలో మాత్రమే కాక ఎందుకు వేయాలో కూడా చెబుతారు, భాష పూర్తిగా రానివారు సైతం ఆయన వంటను అనుసరించగలరు. వండేవారు, మాట్లాడేవారు వేరువేరుగా ఉండే మన తెలుగు పద్ధతిలో ఆ బాధ్యత వ్యాఖ్యాతదే అవుతుంది. వారికి ఆ శిక్షణ ఇవ్వకుండా, నవ్వుతూ ఉంటే చాలని నిలబెట్టే చానళ్లదే ఇందులో పెద్ద తప్పు. అందుకని వ్యాఖ్యాతల చీరల మీదా ఒంటి తీరు మీదా వెటకారాలు రాసే ప్రేక్షకులను నేను సమర్థించలేను, అది అభిప్రాయమే కాదు.

చానళ్లు చేయవలసినవి కొన్నే. వంట చివర చూపే పట్టికలో కొలతలు గ్రాములలో, మిల్లీలీటర్లలో ఇచ్చి, కాగితం మీద రాసుకునేంతసేపు దాన్ని తెర మీద నిలపాలి. ఎంతమందికి సరిపోతుందో చెప్పాలి. కుక్కరు వాడితే విజిళ్ల లెక్కతో పాటు మంట ఎంత ఉండాలో, ఎన్ని నిమిషాలు ఉంచాలో కూడా చెప్పాలి. మీ ఆదివారం అనుబంధంలో అచ్చయ్యే వంటల్లోనూ ‘ఉప్పు, కారం, నూనె - తగినంత’ అనే వరుస కనిపిస్తూనే ఉంది. దాన్ని మీరు ముందుగా సరిదిద్దితే చానళ్లను అడిగే హక్కు మనకు ఇంకాస్త గట్టిగా ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విల్లివాక్కం, చెన్నై