రంగుల బండ్లు అమెరికా వాళ్లకేనా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో ‘ది వ్యాన్’ అనే 1977 నాటి అమెరికా సినిమా గురించి వేసినారు. చవకబారు సినిమా అయినా కల్ట్ అయిందని, అంటే కొందరు దాన్ని ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటారని రాసినారు, బాగుంది. చివర్లో మాత్రం బండికి బొమ్మలు గీయించుకుని ఊరంతా తిప్పడం అచ్చంగా అమెరికా వాళ్ల పిచ్చి అనీ, మన దగ్గర అట్లాంటిది పుట్టలేదనీ ఒక వాక్యం తగిలించినారు. ఆ వాక్యం కోసమే ఈ ఉత్తరం. నేను అనంతపురంలో లారీలకు రంగులేసి బతికినోణ్ని. మా షెడ్డులోనుంచి బయటికి పోయిన బండ్లు చీనీకాయలు వేసుకుని ఢిల్లీ దాకా, తాడిపత్రి నాపరాయి వేసుకుని మద్రాసు దాకా తిరిగినాయి.

మీరు రాసింది చదివినాక మా మనవడు ఆ సినిమాను ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించినాడు. కథ గురించి చెప్పాల్సింది ఎక్కువేం లేదు. కార్లు కడిగే చోట పనిచేసే బాబీ అనే కుర్రోడు కాలేజీకని దాచిన డబ్బు తీసి వ్యాను కొంటాడు. ఆ వ్యానుతో ఆడపిల్లల్ని పడేయాలని చూస్తాడు. ఒక ఆడపిల్లతో వాడు నడుచుకున్న తీరు చూస్తే నాకు లేచిపోవాలనిపించింది, కల్ట్ అన్నంత మాత్రాన అది ఒప్పు కాదు. వాడి యజమానిగా వేసిన పొట్టి మనిషి డానీ డెవిటో. తర్వాత 1992లో బ్యాట్‌మన్ సినిమాలో పెంగ్విన్ అనే విలన్‌గా భయపెట్టింది ఆయనే. ఇంకో తమాషా: సినిమాలో మోగే సామీ జాన్స్ పాట షెవీ, అంటే షెవర్లే కంపెనీ వ్యాను మీద కట్టింది, 1975లో అమెరికాలో మొదటి అయిదు పాటల్లోకి ఎక్కింది. తెరమీద కుర్రోడు నడిపేది మాత్రం వేరే కంపెనీ డాడ్జ్ బండి. పాట బాగుంది కదా అని పెట్టేసుకున్నట్టున్నారు.

అయినా నేను చివరిదాకా కూర్చున్నాను. తీసింది క్రౌన్ ఇంటర్నేషనల్ అనే చిన్న కంపెనీ. డ్రైవ్-ఇన్ హాళ్లకు, అంటే కార్లో కూర్చునే సినిమా చూసే ఆరుబయలు హాళ్లకు చవగ్గా సినిమాలు అందించేవాళ్లు. సెట్లు వేసే డబ్బు లేనోడు ఉన్న వీధిలోనే కెమెరా పెడతాడు, ఉన్న బండ్లనే చూపిస్తాడు. ఆ కాలపు కాలిఫోర్నియా వీధి, పెట్రోలు బంకు, బట్టలు, వ్యాన్లు ఉన్నవి ఉన్నట్టే అందులో మిగిలిపోయినాయి. పెద్ద డబ్బు పెట్టి తీసుంటే అన్నీ కొత్తగా చేయించి, దుమ్ము దులిపి చూపించేవాళ్లేమో. ఆ సినిమా విలువ అంతా ఆ పేదరికంలోనే ఉందని నా లెక్క.

ఆ వ్యాన్లు మొదట పనిబండ్లే. పైపులు బిగించేవాళ్లు, సరుకు చేరవేసేవాళ్లు వాడేవి. పక్కలకు కిటికీలుండవు, వెనక అంతా ఖాళీ. కిటికీ లేని రేకు అంటే పెయింటరుకు పెద్ద గోడ దొరికినట్టే. కుర్రోళ్లు వాటిని కొని లోపల బొచ్చు తివాచీ పరిచినారు, నీళ్ల పరుపు వేసినారు, బయట గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో కొండలు, పులులు, సూర్యాస్తమయాలు గీయించినారు. 1973లో కొలరాడోలో జాతర లాగ వ్యానులోళ్లంతా కూడినారట, నేషనల్ ట్రక్-ఇన్ అన్నారు దాన్ని. ‘ది వ్యాన్’ వచ్చిన ఏడాదే ‘సూపర్‌వ్యాన్’ అని ఇంకొకటి వచ్చింది. టీవీ బ్యాట్‌మన్ కారును చేసిన జార్జ్ బారిస్ దానికి బండి చేసినాడు. 1979లో పెట్రోలు కరువొచ్చి బంకుల దగ్గర బారులు పెరిగినాక ఆ మోజు తగ్గింది. 1983 చివర్లో క్రైస్లర్ వాళ్లు మినీవ్యాను తెచ్చినారు, వ్యాను కాస్తా పిల్లల్ని బడికి దించే బండయింది. మన పెనుకొండ పక్కన కియా ఫ్యాక్టరీలో బిగించే కార్నివాల్ ఆ వంశందే. అన్నీ ఒక్క తీరే.

ఇప్పుడు మన దగ్గర ఏముండేదో చెప్తాను. ఆ కాలంలో లారీ అంటే కంపెనీ నుంచి వచ్చేది ఛాసీ, ముందు మూతి మాత్రమే. క్యాబిన్, తొట్టి అన్నీ ఇక్కడ వడ్లోళ్లు కట్టాల్సిందే. వాళ్ల తర్వాత రేకుపని చేసే టింకరింగ్ వాళ్లు, ఆ తర్వాత మేము. తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ కొట్టి, సొట్టలకు పుట్టీ పెట్టి, వాటర్ పేపరు అనే గరుకు కాగితంతో రుద్ది రుద్ది, రెండు పూతలు ఎనామిల్ రంగు వేసినాక గానీ బొమ్మ జోలికి పోయేది కాదు. సుద్దపొడి అద్దిన దారం రెండు పక్కలా పట్టుకుని లాగి కొడితే తొట్టి పొడవునా ఒక్క గీత పడుతుంది. అక్షరాలకు ఉడత వెంట్రుకల కుంచె. చెయ్యి వణక్కుండా మణికట్టు కింద ఒక కట్టె.

మా ఉస్తాదు కొత్తగా చేరిన పిల్లల్ని లేపాక్షి తీసుకుపోయి వీరభద్రుని గుళ్లో పైకప్పు చూపించేవాడు. ‘మెడ నొప్పి పుట్టేదాకా చూడండ్రా, ఆ చీరల అంచులు చూడండి’ అనేవాడు. పదహారో శతాబ్దంలో విజయనగరం పనోళ్లు గీసిన ఆ అంచులు మా చేతిలో పడి లారీ బోర్డర్లయినాయి. ఆయన ముసల్మాను. నెట్టికంటి ఆంజనేయుణ్ని ఆయనంత బాగా గీసేవాణ్ని నేను చూడలేదు.

ఇందులో అమెరికాకూ మనకూ తేడా లేదని కాదు. అక్కడ బండి కుర్రోడిది, రంగు కూడా తన గొప్ప కోసమే. ఇక్కడ బండి ఒకరిది, నడిపేది ఇంకొకరు. రంగుల డబ్బు ఓనరు ఇస్తాడు, దేవుణ్ని డ్రైవరు కోరుకుంటాడు. కదిరి నరసింహుడు కావాలని ఒకరు, కడప అమీన్ పీర్ దర్గా కావాలని ఇంకొకరు. ఒక బండికి రెండూ వేసినాం, ఓనరు ఒకటి, డ్రైవరు ఒకటి అడిగితే. దిష్టికి కోరమీసాల రాక్షసుడి మొగం తప్పనిసరి. వెనక డోరుకు వేసే రంగుల్లో పని కూడా ఉంది: చీకట్లో డాబా ముందు ముప్పై బండ్లు నిలబడి ఉంటే క్లీనరు తన బండిని డోరు చూసే పట్టుకునేవాడు. నెలల తరబడి ఆ క్యాబినే ఇల్లయినోడికి గుమ్మానికి పసుపు పూసుకోవాలనిపించదా సార్? దాన్ని పిచ్చి అంటే అనండి. పుట్టలేదని మాత్రం అనొద్దు.

ఇప్పుడు క్యాబిన్ ఫ్యాక్టరీలోనే అయిపోయి వస్తోంది. 2025 అక్టోబరు నుంచి పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేసినారు, డ్రైవర్ల ఒంటికి మంచిదే, నేను కాదనను. దేవుడి బొమ్మ రేడియం షాపులో కంప్యూటర్ కోసి ఇస్తుంది. ఎండకు రెండేళ్లలో ముక్కలై లేస్తుంది, అప్పుడు ఇంకొకటి అంటిస్తారు.

మీ పేజీలోనే పక్క పెట్టెలో పాత ఓమ్నీని అమెరికా వ్యాను లాగ ఎట్లా మార్చుకోవచ్చో బొమ్మలేసి చూపించినారు. అది చూసి ఎవరన్నా పిల్లోడు పక్కరేకు కోసి గుండ్రటి కిటికీ పెడితే ఇరుక్కుంటాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరును ఇష్టమొచ్చినట్టు మార్చడానికి లేదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ పడొచ్చు. బండి రంగు మొత్తం మారిస్తే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. ఆ సంగతి కూడా వేసుంటే బాగుండేది.

నేను అడిగేది ఒకటే. మన ఊళ్లో జేఎన్‌టీయూ పిల్లలు, యూనివర్సిటీ పిల్లలు షార్ట్ ఫిల్ములని తెగ తీస్తున్నారు. ప్రేమకథలే అన్నీ, అందులో హీరో వాలుకుర్చీలో కూర్చుని సిగరెట్ తాగుతుంటాడు ఎందుకో. వాళ్లలో ఒకరిద్దరు ఫోను పట్టుకుని షెడ్ల దగ్గరికి రావాలి. కథ బాగా లేకపోయినా పర్వాలేదు, ‘ది వ్యాన్’ కథ మాత్రం ఏం బాగుంది? కుంచె పట్టినోళ్లు ఇంకా కొందరున్నారు, కర్నూలులో ఉన్నారు, కడపలో ఉన్నారు. ట్రాక్టరు ట్రాలీలకు, పల్లెల్లో ఎడ్లబండి చక్రాలకు ఇప్పటికీ రంగులేస్తున్నారు. ఈ పిలుపు మీ జిల్లా పేజీలో వేస్తే చాలు, సినిమా పేజీలో చోటు లేకపోయినా సరే.

వచ్చేవాళ్లకు ఒక సలహా. ఎనామిల్ రంగు మధ్యాన్నం ఎండలో మెరిసి ఫోనులో తెల్లగా పడుతుంది. పొద్దున ఎనిమిదిలోపు రావాలి, లేదా బండిని నీడకు తిప్పించుకోవాలి. డోరు కింద మూలన చిన్నక్షరాలతో పెయింటరు పేరు, ఊరు రాసి ఉంటాయి, వాటిని దగ్గరగా తీయండి.

ఇట్లు,
ఒక పాత లారీ పెయింటర్,
పాతూరు, అనంతపురం.